అతుకు

వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతుంటే
తమ్ముడు దాలినాయుడు గుమ్మంలో నిలబడి
"అప్పా, నా కల్లు సూడు" అన్నాడు.
చూశాను.
ఒళ్ళో పత్తి ఎంత తెల్లగా ఉందో
ఆ పూటే తెలిసింది నాకు.

పధ్నాలుగు నెలల కిందట విశాఖపట్నంలో
నా లివరు సగానికి పైగా కోసి వాడికి పెట్టారు.
నా పక్కటెముకల కింద ఒక వంకర గీత,
వాడికి ఇంకా పెద్దది.
"తోడబుట్టినోలు గనక సరిపోనాది"
అంది పొందూరు వీధంతా.
నేనూ కొంత గర్వపడ్డాను, దాచడమెందుకు?

ఇప్పుడు రాత్రంతా గోకుడు.
అరచేతులు, అరికాళ్ళు, వీపు,
కొబ్బరిపీచుతో రుద్దినా చావని దురద.
మూత్రం చిక్కటి టీ డికాషను.
పొద్దు వాలితే చలిజ్వరం.
పాలకొండ బస్సులో టికెట్టు కొట్టే చేత్తోనే
మెడ గోక్కుంటుంటే
ముందు సీటు వాళ్ళు జరిగి కూర్చున్నారట.

ముంజేతి మీద వాత పెడితే పోతుందని
పిన్ని ఎవరినో తీసుకొచ్చింది.
ఇద్దరినీ మజ్జిగ ఇచ్చి పంపేశాను.
తర్వాత పొయ్యి ముందు ఒక్కదాన్నే అనుకున్నాను:
నా ముక్క మంచిది కాదేమో.
చిన్నప్పుడు వాడి పలక విరగ్గొట్టి
పిల్లి మీదకి తోశాను.
అమ్మ పోయినప్పుడు ముక్కుపుడక
చెప్పకుండా ఉంచేసుకున్నాను.
కోసి ఇచ్చినప్పుడు
అవీ వెళ్ళిపోయాయేమో, దాంతోపాటు.

శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలి దాటాక ఆసుపత్రి.
డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.
"తప్పు మీ ముక్కది కాదు, ఆయన ఒంటిదీ కాదు.
పైత్యం దిగే గొట్టాలు రెండూ కలిపి కుట్టిన చోటు
మానింది. మరీ ఎక్కువ మానింది.
మాని బిగుసుకుపోయింది.
అతుకు దగ్గరే ఇరుకు."

అతుకు సంగతి నాకా చెప్పడం!
నలభై ఏళ్ళుగా రాట్నం ముందు కూర్చున్నదాన్ని.
తెగిన నూలు కొసలు రెండూ పక్కపక్కన పెట్టి
తడివేలితో మెలిపెడితే
ఎంత నేర్పున్నా అక్కడొక బుడిపె మిగులుతుంది.
నేసేవాడి వేలికి దొరుకుతుంది,
కట్టుకున్నవాడికి తెలియదు.
అయితే నూలు లోపలినుంచి
ఏదీ పారనక్కర్లేదు కదా.
నా తెలివి అక్కడే ఆగిపోయింది.

ఈసారి కడుపు కొయ్యరట.
నోట్లోంచి నల్లటి గొట్టం దించి,
చిన్నపేగు మలుపులో కందిగింజంత వాకిలి వెతికి,
అందులోంచి ఒక సన్నటి తీగ పైకి పంపుతారట.
రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు వాడికి.
బెంచీ మీద నాకూ దాహం వెయ్యలేదు.
నర్సు తలుపు వారగా తీసి
"తీగ ఇంకా దాటలేదమ్మా" అని మళ్ళీ మూసేసింది.
గంట. ఇంకో అరగంట.
ఒళ్ళో నా బొటనవేలూ చూపుడువేలూ
నూలు లేకుండానే మెలిపెడుతున్నాయి.

దాటింది.
బుడగ ఊది వెడల్పు చేసి
ప్లాస్టిక్ స్టెంటు ఒకటి నిలబెట్టారు.
మూడు నెలలకి అది తీసి రెండు పెడతారట,
మళ్ళీ మూడు నెలలకి ఇంకొన్ని,
ఏడాది దాకా ఇంతే.
"ఏడాదయ్యాక?"
"అన్నీ తీసేసి చూస్తాం."
"మళ్ళీ బిగుసుకుంటే?"
"మళ్ళీ చూస్తాం."
బాగైపోతుంది అననందుకు
ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది నాకు.

తిరుగు బస్సులో వాడు కిటికీ వైపు తల వాల్చి
గొంతు మంటతో మాట్లాడలేక
టికెట్టు వెనక రాసి చూపించాడు:
ముక్కుపుడక సంగతి నాకు తెలుసు.
నాగావళి వంతెన దాటేదాకా
నేను బయటికే చూస్తూ కూర్చున్నాను.

అయిదో నాడు తెల్లవారకుండానే
పెరటి చివర్నుంచి కేక:
"ఓలప్పా! నీల్లలాగే ఒచ్చిందే!"
పక్కింటి సీపాన ఎర్రమ్మ చీపురు ఆపి
గోడ మీంచి "ఏటొచ్చింది?" అంది.
చెప్పాను.
"ఓసి, అదా" అని
మళ్ళీ ఊడ్చుకోసాగింది.