మూడో గడి

కల్వకుర్తి ఐటీఐల
పగటీలి కరెంటు పోతే
వర్నీషు వాసన ఇంకింత ఎక్కువైతది.
ఆ వాసనల కూసోని
పోయినేటి ప్రశ్నపత్రం జూస్తున్న.
నా చేతిరాతే.
"మోటరు అనగానేమి? ఐదు మార్కులు."

దాని కింద మల్కయ్య తెల్లకాగితం ఇడిసిండు.
సున్న పెట్టిన, ఎర్రగ, గుండ్రంగ.
ఆ పొద్దుగూకి తాండ్ర తొవ్వల బండి ఆపితే
మేనమామ దుకాణంల
ఐదు హెచ్‌పీ స్టేటరు ఒళ్ళె పెట్టుకోని
లెక్క తప్పకుంట రాగితీగ చుడుతున్నడు.
నన్ను జూసి లేసి నిలబడ్డడు,
చేతుల తీగ మాత్రం ఇడువలే.

శివలీలకు తొంబై రెండు.
కామాతో సహా రాసింది.
యాసంగిల వాళ్ళ నాయిన బోరు మోటరు కాలితే
మూత ఇప్పిందట,
నల్లగైన కాయిళ్ళు జూసి
మళ్ల మూత పెట్టిందట.
"గిది మనం సదువలే గద సారూ."

సదివినం బిడ్డా.
చెయ్యలే.

సిలబస్ మొదటి పేజీల రాసింది నేనే:
కాలిన మోటరును బాగుచేయగలరు.
ఆఖరి పేజీల అడిగింది నేనే: అనగానేమి.
నడుమ ఏడాదంత
పోరగాండ్లు ఏ దిక్కు నడవాలె?
మా అవ్వ బావి లోతు జూసి చేంతాడు పేనేది.
నేను చేంతాడు పేనుకోని
బావి ఎక్కడున్నదని తిరిగిన.

ఈయేడు ఎనుకనుంచి మొదలువెట్టిన.
ఆఖరి దినం బల్ల మీద ఒక కాలిన మోటరు.
అంతకు ముందటి వారం
మెగ్గరు ముల్లు సున్న కాడ ఎందుకు కూలవడ్డదో చెప్పుడు.
ఇంకా ఎనుకకు పోతే స్లాటుల కాయితం, తీగ గేజీ,
వేలు కోసుకోకుంట పట్టుడు.
అనగానేమికి గూడ జాగ దొరికింది,
రెండు మార్కులంత.

పరీక్షకు శివలీల నాయిన మోటరే తెప్పిచ్చిన.
చుట్టింది. మూత బిగిచ్చి మీట నొక్కింది.
గుర్రుమన్నది. ఆగింది.
నా దిక్కు సూడలే ఆమె.
బోల్టులు మళ్ల ఇప్పి, కొసలు ఒక్కొక్కటే తడిమి,
"జోడు కాడ ఎనామిల్ గీకలే"
అనుకున్నది, తనకు తనే.
సప్లిమెంటరీకొచ్చిన మల్కయ్య
బ్లేడు అందియ్యబోయి
పరీక్ష అని యాదికొచ్చి చెయ్యి ఎనుకకు దీసుకున్నడు.

జిల్లా ఆఫీసు ఫారంల రెండే గడులు:
పనిచేసినది, పనిచేయలేదు.
పెన్సిల్‌తోని నేను మూడోది గీసిన.
దాని మీద ఏం రాయాలెనో
ఇంక తోస్తలేదు.
ఆమె గీకుతున్నది.