ఏం వరుస

ఆదోనిలో ఎండ ఎక్కకముందే
ఆఫీసు మెట్ల మీద కూచోనుండేది కాశింబవ్వ.
చంకలో యూరియా గోతం కత్తిరించి కుట్టిన సంచి,
ఆ సంచిలో మా వీధంతా:
నల్లబడిన జిరాక్సు ముఖాలు, వేలిముద్రలు,
మొగుళ్ళ మరణ పత్రాలు,
అడుగున వక్కాకు పొట్లం.

చదువు రాదు.
ఏ కాగితం ఎవరిదో వాసన చూసి చెప్తుందనేవాళ్ళం.
నిజానికి మడత చూసి చెప్పేది.
నరసమ్మది నాలుగు మడతలు,
ఉలిగెమ్మది చుట్ట,
మా అమ్మది వానకు తడిసి ఆరిన అట్ట.

"ఈమెకు నువ్వేం వరుస?" అన్నాడొకసారి
కొత్తగా వచ్చిన గుమాస్తా.
"ట్యాంకరు కాడ నా ఎనక వరుస, సార్" అనింది.
వాడు నవ్వలేదు.
ఆమె కూడా నవ్వలేదు.
సంతకమైతే పడింది.

ఆ మెట్ల తోవ ఆమెకు ఊరికే తెలీలేదు.
జిన్నింగు మిల్లులో బెల్టు పకీరప్పను లాక్కున్నప్పుడు
ఆమెకు ఇరవై ఆరు.
ఇంటి మూలన దూదేకే విల్లు,
మోగించేవాడు లేని నారి.
పదకొండేళ్ళు తిరిగింది పరిహారానికి.
చేతికొచ్చింది ఎంతో ఎవరికీ చెప్పలేదు.
"ఇంత తోవ తెలిసినంక
ఒక్కదాన్నే యాడ పోయేది మే" అనేది, అంతే.

మెత్తనిదని చెప్పను.
నోరు తెరిస్తే ఎండుమిరపకాయల మండీ.
సంఘంలో నాకు అప్పు పుట్టకుండా అడ్డం పడింది,
"వాడు తాగేదానికి నువ్వేల సంతకం?" అని, అందరి ముందర.
రెండేళ్ళు మాట్లాడలేదు నేను.
ఆ రెండేళ్ళూ నా రేషన్ కార్డు
ఆమె సంచిలోనే ఉండె.

కాన్పుకైనా ఆమే, కయ్యానికైనా ఆమే.
రాత్రి రెండు గంటలకు ఆటో ఖాజాను
తిట్టి లేపే హక్కు
మా వీధిలో ఆమె ఒక్కదానికే ఉండె.

జనాజా లేచినప్పుడు
ఆడోళ్ళం మలుపు దాకే పోయినాం.
మోకాటి లోతు బురదలో పీనుగుల్ని మోస్తాండారని
మూడు వానాకాలాలు అర్జీలు పెట్టి
ఖబరస్తానుకు కంకర తోవ వేయించింది ఆమే.
ఆ కంకర మీద మొగోళ్ళ చెప్పుల చప్పుడు
చానాసేపు వినపడింది మాకు.

ఐదోనాడు ట్యాంకరొచ్చింది.
కొట్లాట కాలేదు, అదే వింత.
మూతి కాడ పగిలితే కాల్చి అతికించుకున్న
పచ్చ ప్లాస్టిక్కు బిందె,
ఎవరు తెచ్చి పెట్టినారో గాని
ఎప్పుడూ ఉండే చోట్లోనే ఉండాది.
ఎవరూ జరపలేదు.
పైపు దాని కాడికొచ్చి ఆగింది.
నిండింది, కొంచెం పొర్లింది కూడా.
అవ్వ ఉంటే పైపు పట్టినోని తాతల దాకా పోయుండేది.

ట్యాంకరు పోయింది.
నిండిన బిందె చుట్టూ మేం.
ఎవరింటికి మోయాలో ఎవరూ అనలేదు.

రేపు ఆమె మరణ పత్రానికి
ఎవరో ఒకరం ఆఫీసుకు పోవాల.
అడుగుతాడు గుమాస్తా.