గోనె మీద మాట

ఎన్నికల ముందు నాకు గోడలు,
ఎన్నికలయ్యాక గోనెలు.
గుణుపురంలో నాలుగు లిపులు రాసే చెయ్యి నాదొక్కటే.
తెలుగూ ఒడియా గుండ్రంగా తిరిగే అక్కచెల్లెళ్ళు,
హిందీకి నెత్తిన గీత,
ఇంగ్లీషుకి రేకు కోస్తే చాలు, చదువక్కర్లేదు.

గొడుగు పార్టీకి కుడి గోడ, తక్కెడ పార్టీకి ఎడమ గోడ.
సున్నం ఒకటే, కుంచె ఒకటే.
డబ్బులు ఇద్దరూ సగమే ఇచ్చారు.

వంశధార ఒడ్డున మిల్లులో
నాలుగు వేల బస్తాల బియ్యం నెట్టు కట్టి ఉంది.
ఎక్కడో సముద్రం మధ్య దీవి, తుఫాను ఊడ్చేసిందట.
మున్షీ హోతా బాబు దాని పేరు మూడుసార్లు పలికి
మూడు దేశాలు చేశాడు.
పైన ఆ పేరు, కింద ‘భారత ప్రజల కానుక’.
పంపమంది గొడుగు ప్రభుత్వం. కొట్టేశాను.
నెల్లాళ్ళు వేళ్ళు నీలం.
పోలింగు రోజు సిరా పెట్టే కుర్రాడు
‘కొత్త చుక్క ఎక్కడ పెట్టమంటావయ్యా’ అని
నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

తక్కెడ గెలిచింది.
కాటా గదిలో టీవీ ముందు హమాలీలు, లారీ క్లీనర్లు, నేను.
‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!’
అంటున్నాడు గెలిచినాయన.
‘ఆకలికి సరిహద్దు ఉంటుందా?’
అంటున్నాడు ఓడినాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
అయిదేళ్ళ కిందట
ఈ మాట వాళ్ళది, ఆ మాట వీళ్ళది.
నాకెందుకు గుర్తుండదు,
గోడ మీద రాసింది నేనే కదా.

వాన పడింది. నెట్టు కింద ఎలకలు పిల్లల్ని పెట్టాయి.
అప్పుడొచ్చింది ఢిల్లీ కాగితం.
పంపొచ్చునట. కానుక మాత్రం కాదు, అప్పు.
ముప్ఫయ్యేళ్ళలో తీర్చాలి,
మన ఓడలకి వాళ్ళ రేవులో చోటివ్వాలి.
‘ఇదేనా బాబూ తేడా?’ అన్నాను.
‘విదేశాంగ విధానం’ అన్నాడు హోతా బాబు, పాన్ బుగ్గ మార్చి.
ఇంగ్లీషులో ఎన్నో నాకు తెలీదు,
మన నోట కానుకకి మూడక్షరాలు, అప్పుకి రెండు.
దేశానికి ఒక అక్షరం మిగులు.

పాత మాట మీద నల్లరంగు పుయ్యాలి,
బస్తా తిరగేసి కొత్త మాట కొట్టాలి.
తిరగేసేది సుమంతి సబర. గుడారి వైపు మనిషి.
నడుం పట్టుకుని ఆగిందొకసారి.
‘కరువేడు మా ఊరికీ వచ్చింది ఇలాటి సంచి.
పచ్చ పిండి. పైన రెండు చేతులు పట్టుకున్న బొమ్మ.
మాయమ్మ దాన్ని చింపి నాకు గౌను కుట్టింది.
చేతులు రెండూ సరిగ్గా వీపు మీదకొచ్చినాయి.
గుంటలందరూ ఎనక నుంచి కరచాలనం చేసీవోరు.’
నవ్వింది. నవ్వుతూనే,
‘ఏ పార్టీ పంపిందో దండాసీ అది?’

ఏం చెప్పను.
అక్కడా గోడలుంటాయి, అక్కడా ఎవడో రాసే ఉంటాడు
వద్దనేవాడి మాటా, ఇద్దామనేవాడి మాటా
ఒకే కుంచెతో.
‘అప్పా, కానుకా?’ అనడిగాను.
‘పురుగు పట్టింది. జల్లించుకు తిన్నాం’ అంది,
ఇంకో బస్తా తిరగేసింది.

అట్టడుగున మూడొందల దాకా మిగిలిపోయాయి.
నల్లరంగు అయిపోయింది, లారీలు గేటు దగ్గర హారన్లు.
అవి అలాగే వెళ్ళాయి
ఇటు కానుక, అటు అప్పు.
ఏ వైపు పైకి పెట్టి దించుతారో
అక్కడి హమాలీ ఇష్టం.
ఆ దీవిలో ఏ తల్లి గౌను కుడుతుందో,
పిల్ల వీపు మీదకి ఏ మాట వస్తుందో.

నా కూలి ఇంకా రాలేదు.
కానుక కొట్టినందుకు పాత పద్దు ఉంది,
అప్పు కొట్టినందుకు కొత్త పద్దు ఉంది.
మధ్యలో నల్లరంగు పూసిన పదకొండు రోజులు
ఎవరి ప్రభుత్వంలో రాయాలో తెలీక
హోతా బాబు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.