బోర్లించిన కుండలు

సిరొంచలో నేను మీటర్లు చదివేవాణ్ణి.
గుమ్మం ముందు నిలబడి గోడ మీది అంకెను
గొంతెత్తి చదివితే
లోపల ఎవరో ఒకరు నిట్టూర్చేవారు.
బిల్లు మీద మరాఠీలో కరెంటు పేరు వీజ.
తెలుగు చెవికి ఏదో వీచినట్టే ఉంటుంది.
వీచేది మాత్రం వడగాలి.

సర్కారు దవాఖాన, కాన్పుల వార్డు.
ఆ మే నెల పదకొండు వందల నలభై యూనిట్లు.
నాలుగు ఫ్యాన్లు స్లాబు వేడినే
తోడి తోడి మంచాల మీద పోసేవి.
మడావి శారద సిస్టరు
అప్పుడే పుట్టిన పిల్లను తడిగుడ్డ మీద పడుకోబెట్టి
"చెయ్యి పెట్టి చూడన్నా" అంది గోడ చూపించి.
పెట్టాను.
రొట్టె కాల్చుకోవచ్చు.

ఆ వేసవి కూడా కొమురుబాయి ఆవం అంటుకోలేదు.
కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక్క పెట్టు అంటారు.
ఈసారి గుదియ ఎవరి చేతిలోనూ లేదు,
దగ్గులా వచ్చి సంతలు మూసింది.
పెళ్ళి కుండలు అడిగినవాళ్ళు లేరు.
దినాల కుండలు అడిగారు,
అవీ ఉద్దెరకే.

తర్వాత పైనుంచి పైసలు దిగుతున్నాయన్నారు.
ప్రోత్సాహక ప్యాకేజీ అని బోర్డు ముందొచ్చింది,
పైసలు దాని వెనక కుంటుతూ వచ్చాయి.
ఏసీలు బిగిద్దామన్నాడు కాంట్రాక్టరు.
గేడాం ఇంజనీరు చెప్పులు విప్పి
మిట్టమధ్యాహ్నం స్లాబు మీద ఒక్క అడుగు వేసి ఎగిరి,
"రోగం నెత్తిన ఉంటే
మందు గోడకెందుకు రాస్తారయ్యా" అన్నాడు.

ఎనిమిది వందల కుండలకు చీటీ రాశాడు.
కొమురుబాయి చీటీని తిరగేసి చూసింది,
వెనక ఇంకేదైనా రాసుందేమోనని.
ఆవం అంటుకున్న రాత్రి
మా వాడంతా పొగ వాసన,
ఎవరూ తిట్టలేదు.

నిచ్చెనెక్కి పైకొచ్చిన రోజు మాత్రం గొడవపడింది.
"కుండ బోర్లిస్తే ఇంట్ల ఏం లేదని అర్థం సారూ,
పిల్లలు పుట్టే జాగా మీద బోర్లిస్తరా?"
సారు తన సగం తెలుగులో అన్నాడు:
"ఏం లేకపోవుడే కావాలె అవ్వా.
ఆ ఖాళీలనే ఎండ ఆగిపోతది."
ఆమె చాలాసేపు కుండలోకి చూసింది.
యాభై ఏళ్ళు దాని చుట్టూ మట్టే చేసింది,
లోపలిది కూడా తనే చేసిందని
ఎవరూ చెప్పలేదు.

సడవలి మేస్త్రి సందుల్లో గచ్చు కూరాడు,
పైన సున్నం మూడు పూతలు.
పగిలిన అరవై రెండు కుండల్ని బిల్లులో కోశారు.
బోర్డు ఖర్చు ఎవరూ కోయలేదు.
మిగిలిన పైసలకు ఆమె ఏడు నెలలు తిరిగింది,
పాత చీటీ కొంగున కట్టుకునే.

మళ్ళీ మే.
ఏడు వందల ఎనభై.
కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివాను.
ఆఫీసువాళ్ళు మీటరు చెడిందని రాసుకొని
పరీక్షకు మనిషిని పంపారు.
అతను వార్డులో గంటసేపు కూర్చున్నాడు.
మీటరు చూడ్డానికి పది నిమిషాలు చాలు.

అదే ప్యాకేజీలో ఇంకో కాగితం నాకోసం ఉంది:
ఇకమీదట మీటర్లు తమను తామే చదువుకుంటాయట.
ఇప్పుడు ప్రాణహిత ఒడ్డు నుంచి
బంకమట్టి తోలుతున్నాను.
ఆశ్రమ బడి కప్పుకు పన్నెండు వందలు కావాలంటున్నారు,
మంజూరు కాలేదు.
కొమురుబాయి సారె అప్పుడే తిరుగుతోంది.

దవాఖాన వెనక బండి ఆపినప్పుడు
అలవాటుగా గోడ మీద చెయ్యి పెడతాను.
చల్లగా ఉందని అబద్ధమాడను,
ఇది సిరొంచ.
మనిషి ఒంటి వేడంత ఉంటుంది.