రెండు వేళ్ల ఒంపు

మా కాలేజీ కోర్టుకు ఒకటే రింగు.
రెండోది మూడేండ్ల కింద గాలివానకు ఊడింది,
బిల్లు ఇంకా పాసైతలేదు.
ఉన్న ఒక్కటి ఎడమకు రెండు వేళ్లు వంగి ఉంటది.
కోతుల మంద ఊగిందని వాచ్‌మన్ ఓదెలు అంటడు.
ఎలక్షన్ డ్యూటీకొచ్చిన పోలీసులు
తడి బట్టలారేసిండ్రని మిర్చిబండి మొగిలి అంటడు.
నేను జిరాక్సు దుకాణపోన్ని.
పదకొండేండ్ల సంది గేటెదురుంగ కూసొని
గా రింగునే చూస్తున్న.

మా పోరిలు గా ఒంపుతోనే పెరిగిండ్రు.
బంతిని జర ఎడమకు మళ్లించి ఇసురుతరు,
అది పోయి సప్పుడు లేకుంట జాలిల పడ్తది.

ఇయ్యాల నిజామాబాద్ల క్వార్టర్ ఫైనల్.
తెల్లారంగ నాలుగున్నరకే బస్సెక్కిండ్రు.
హుజూరాబాదు, కరీంనగరు, జగిత్యాల, ఆర్మూరు,
దారి పొడుగూత తినమని
యాకూబ్ భాయ్ రెండు డజన్ల బత్తాయిలు కట్టిచ్చిండు.
పోయేటందుకు మాకు పైసల్లేవు,
ఉన్నోళ్లకు సెలవుల్లేవు.
అందరం మొగిలి బండి కాడ్నే నిలవడ్డం.

"ఆడ కట్టె ఫ్లోరంట, బంతి మస్తు ఎగురుతది."
"ఎగురనీ. మన సిమెంటు మీద చచ్చిన కప్ప లెక్క పడి ఉంటది గద."
రిటైరైన పీడీ నర్సింగం సారు
నా దుకాణంల పాడైన కాయిదం మీద
అయిదు సున్నలు సుట్టి బాణాలు గీసిండు:
"జోన్ ఆడాలె. ఆ పొడుగు పిల్లను మమత ఒక్కతే ఆపలేదు."
"మమతనా సారూ? ఇరవై లీటర్ల నీళ్ల డబ్బ
భుజం మీదేసుకొని మూడంతస్తులెక్కుతది హాస్టల్ల."
"ఎక్కుతది, దిగుతది. ఇది బాస్కెట్‌బాల్ ఓదెలూ."

రింగు ముచ్చట మాత్రం ఎవ్వరు తియ్యలె.

పదకొండు దాటినంక నుస్రత్ ఫోన్ జేసింది.
బెంచి మీద కూసున్న పిల్ల, మోకాలికి పట్టీ,
గొంతు అణుసుకొని చెప్తంది:
నాలుగు, పదిహేను.
"అన్నీ ఎడమకే పోతున్నయన్నా, అన్నీ ఎడమకే."
ఛాయ్ మీద మీగడ కట్టింది.
"రింగు సక్కగుందని చెప్పు బిడ్డా" అన్నడు మొగిలి.
"వాళ్లకు తెల్వదా" అన్న నేను.
సారు కాయిదం మడిచి జేబుల వెట్టుకొని అన్నడు:
"తెలుసు. చేతులకు తెల్వాలె."

ఆఫ్‌టైముకు పందొమ్మిది, ముప్పై.
ఎవరో పిలగాడు జిరాక్సుకొచ్చిండు, మళ్ల రమ్మన్న.
మూడో క్వార్టర్ల మమత నేరుగ ఎయ్యుడు బందువెట్టి
బోర్డుకు కొట్టుడు షురూ జేసిందంట.
ముప్పై ఎనిమిది, నలబై మూడు.
నలబై ఒకటి, నలబై నాలుగు.
నూనెల మిర్చీలు నల్లవడుతున్నయి, మొగిలికి సోయి లేదు.
"రెండు నిమిషాలున్నయన్నా," అన్నది నుస్రత్,
గంతే, ఫోన్ కట్.

చార్జింగు అయిపోయిందో, సిగ్నల్ పోయిందో.
పావుగంట.
ఎదురుంగ గా వంకర రింగు మీద
ఒక పావురం కూసొని మెడ తిప్పుతంది.
మేం మనుషులం మనుషులం మాట్లాడుకోలె.

తర్వాత వేరే నంబరు నుంచి వచ్చింది.
నలబై ఏడు, నలబై తొమ్మిది.
ఆఖరి బాలు స్రవంతి ఏసిందంట,
రింగు సుట్టు తిరిగి బయిటికి పడ్డదంట.
"ఏ దిక్కు?" అన్నడు సారు.
"కుడికి సార్."
పొద్దటి సంది కుడికి పోయింది గదొక్కటే.
గంట సేపు దాని మీదనే కొట్లాడినం:
చేయి నేర్చుకున్నదని సారు,
చేయి వణికిందని మొగిలి.

"రేపే నిచ్చెన తెప్పించి ఆ రింగు సక్క జేయిస్త" అని సారు లేచిండు.
ఓదెలు అడ్డం నిలవడ్డడు.
"ముట్టకు సారూ. వచ్చే ఏడు వాళ్లు మన దగ్గరికి రావాలె."
నవ్విన మొదటోణ్ణి నేనే.
సారు నవ్వలె.

రాత్రి ఒంటిగంటన్నరకు బస్సొచ్చింది.
దుకాణం షెట్టరు సగం దించి కూసున్న,
ఏదో లెక్క రాస్తున్నట్టు.
ఒక్కొక్కతి దిగింది, ఎవ్వరు కోర్టు దిక్కు చూడలె.
మమత బొటనవేలికి తెల్ల టేపు, సగం ఊడింది.
నా దగ్గరికొచ్చి నిలవడ్డది.
పొద్దుమీకి దాచుకున్న మాటలన్నీ నోట్లెకొచ్చినయి.
"అన్నా, హాల్‌టికెట్ జిరాక్సు దియ్యాలె.
పొద్దుగాల ఎన్నింటికి తీస్తవు?"
"ఎనిమిదింటికి" అన్న.