తొక్కేవాడు

డ్రైవరు సీటు వెనక చిన్న పలక:
జె. వాకర్.
ఎక్కేవాళ్లలో రోజుకొకడైనా అది చదివి
"నడిచేదానివి, నీకు బస్సెందుకమ్మా?" అంటాడు.
హడర్స్‌ఫీల్డ్ నుంచి మార్స్‌డెన్ దాకా
పంతొమ్మిదేళ్లుగా అదే జోకు.
టికెట్టు చేతిలో పెట్టి నేనూ నవ్వుతాను.

నడిచాడు మావాడు, నిజమే.
ఏ ఊరూ పోలేదు.
మోకాటి లోతు తొట్టి,
అందులో మగ్గం దిగిన ఉన్ని బట్ట,
దాని మీద
ఇల్లిల్లూ తిరిగి కుండలతో మోసుకొచ్చి
పులియబెట్టిన ఉచ్చ.
చెప్పుకోడానికి సిగ్గేం లేదు,
ఉన్ని జిడ్డుకి అదే మందు.
పొద్దున దిగితే పొద్దుగూకేదాకా తొక్కడమే.
ఈ గోడ నుంచి ఆ గోడకి నాలుగడుగులు,
మళ్లీ నాలుగు.
కూడితే రోము దాకా పోయి రావచ్చు.
కాళ్ల కింద బట్ట దగ్గరపడేది,
పోగుకీ పోగుకీ మధ్య
వాన దూరే సందు లేకుండా.

పన్ను రాసుకునే గుమస్తా వచ్చాడు.
"పేరు?"
"థర్‌స్టన్."
"ఏ థర్‌స్టన్? ఈ వీధిలోనే ముగ్గురున్నారు."
పక్కింటామె ముక్కు మూసుకుని చెప్పింది:
"ఆ తొక్కేవాడు."
అంతే, సిరా ఆరింది.
ఆ పూటకి గుర్తుగా రాసుకున్న మాట
ఆరొందల ఏళ్లు అంటుకుంది.
వాసన కదా, ఊరికే వదలదు.

అప్పటికే దిగువన ఏటి ఒడ్డున చక్రం తిరుగుతోంది.
నీళ్లు ఎత్తి వదిలితే
బట్ట మీద కొయ్య సుత్తులు, దబ్బు దబ్బుమని.
జనం దాన్ని కూడా నడక మర అన్నారు!
కాళ్ల పని పోయింది,
కాళ్ల పేరూ కొయ్యకి పోయింది.
ఆ ఏడు మావాళ్లు ఏం తిన్నారో
ఏ గుమస్తా రాయలేదు.

మొన్న డిపోకి కొత్త డ్రైవరొచ్చాడు,
డెవన్ వాడు, డెంజిల్ టకర్.
"మా వైపు ఆ తొట్టివాడే టకర్" అన్నాడు
నా పలక చూసి.
టీ కప్పులు పట్టుకుని
కాసేపు ఏం మాట్లాడాలో తెలీక
ఇద్దరం కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాం.

ఇవాళ ఎనిమిది గంటలు కూర్చున్నాను.
కుడికాలొక్కటే పనిచేసింది,
తొక్కి, వదిలి, తొక్కి.
మార్స్‌డెన్, ఆఖరి స్టాపు. వాన.
దిగిపోతున్న ముసలామె
పాత ఉన్ని కోటు మీద
చినుకులు పూసల్లా నిలబడ్డాయి,
ఒక్కటీ లోపలికి దిగలేదు.