ఏ చెయ్యి?

మా అమ్మ దాలమ్మకి వేలిముద్ర పడదు.
పలాసలో పద్దెనిమిదేళ్లు జీడిపిక్కలు కొట్టింది,
జీడిసొన గీతలన్నీ తినేసింది.
రేషన్ బండి దగ్గర మిషను మీద బొటనవేలు ఆన్చి,
కొంగుకి తుడిచి, నోట్లో తడిపి, మళ్లీ ఆన్చి
"నాను నానే బావూ" అంటుంది.
మిషను ఒప్పుకోదు.

నాన్నకి మంగళవారం, శుక్రవారం డయాలసిస్.
మూడో షిఫ్టు.
నేను నోటుపుస్తకంలో రాస్తాను:
ఎక్కేముందు యాభై మూడు కేజీల ఆరొందలు,
దిగాక యాభై ఒకటి నాలుగొందలు,
బీపీ, ఎక్కిన టైము, దిగిన టైము.
ఆ పుస్తకమే చెప్పింది నాకు
నాలుగు గంటలు మూడున్నరయ్యాయని.
అడిగితే హైమ సిస్టరు అబద్ధమాడలేదు.
"ఒక మిషను నెల్నాళ్లుగా పడుకుంది.
బయట బెంచీ మీద తొమ్మిదిమంది.
ఎవరి అరగంట ఎవరికిమ్మంటావు, చెప్పు?"
బెంచీ వైపు చూశాను.
కంచిలి నుంచి వచ్చిన ముసలాయన చెప్పులు విప్పి
పాదం మీద వేలితో నొక్కి చూసుకుంటున్నాడు.
పడిన గుంట పూడడానికి చాలాసేపు పట్టింది.
నేనింకేం అడగలేదు.

ఒక బుధవారం ఫోనొచ్చింది. నేను కాలేజీలో ఉన్నాను.
"ఆసుపత్రి నుంచి అమ్మా,
మీ కార్డు ఆగిపోతోంది, ఈరోజే ఆఖరు."
అమ్మ గట్టిదే. "మా పిల్ల వచ్చాక సెయ్యండి" అంది.
అప్పుడడిగాడట వాడు,
"పెద్దాయన తిన్నారా అమ్మా?"

ఏడాదిన్నరగా తిరుగుతున్నాం.
ఆ గదిలో ఎవరూ అడగలేదు, తిన్నాడా అని.
అమ్మ ఆరంకెలూ చదివింది,
తూకం చీటీ చదివినట్టు, నెమ్మదిగా,
ఒకటి తప్పితే మళ్లీ మొదట్నుంచి.

ఎనిమిది వేల ఆరొందల నలభై.
అందులో అమ్మ బట్వాడా ఉంది, తమ్ముడి పరీక్ష ఫీజుంది,
ఆటో అతని పాత బాకీ ఉంది.
వేలు చూపించినా నమ్మని లోకం
నోటిమాటకి తలుపు తీసేసింది.

నేను అరిచాను. ఎంతలా అంటే
"చదువుకోలేదు కదా నువ్వు" అనేశాను.
అమ్మ ఏమీ అనలేదు.
చేతులకి బూడిద రాసుకుని పనికెళ్లిపోయింది.
ఫిర్యాదు నంబరు కలిపితే
మీ కాల్ మాకు ముఖ్యం అంది సంగీతం మధ్యలో ఒక గొంతు.
నాన్న గోడవైపు తిరిగి పడుకుని
"నా అరగంట అమ్మినా రావే ఆ డబ్బులు" అన్నాడు.
నవ్వాడో ఏమో, వీపు కదిలింది.

ఆ తర్వాత అమ్మ ఏ ఫోనూ ఎత్తలేదు.
నిజంగా ఆసుపత్రి నుంచి వచ్చిందీ ఎత్తలేదు.
మిషను బాగయ్యింది, పొద్దున్న షిఫ్టుకి రమ్మని
నాలుగుసార్లు చేశారట.
మేం ఎప్పట్లాగే సాయంత్రం వెళ్లాం, మా వంతు పోయింది,
అర్ధరాత్రి దాటాక దిగాడు నాన్న.
పుస్తకంలో టైము రాశాను. కారణం రాయలేదు.

మొన్న మళ్లీ మోగింది.
పక్కనే ఉన్నాను, చెయ్యి చాచాను, ఇవ్వలేదు.
"ఆసుపత్రా? అలగైతే సెప్పు.
మా ఇంటాయనకి ఏ సేతికి సూది పెడతారు?"
అవతల కాసేపు మాట లేదు.
ఏసీ హోరు. ఎవరిదో దగ్గు.
"కుడిచేతికి పిన్నీ.
ఎడంచేత్తో తింటాడు కదా,
అందుకనే కుడిచెయ్యి తీసుకున్నాం."

అమ్మ ఫోను చెవికి అలాగే ఆన్చుకుని
నా వైపు చూసింది.
"సూసిందే" అంది మెల్లగా.
"తినడం సూసింది ఆ గుంట."

అటునుంచి హైమ సిస్టరు, పొద్దున్న ఆరింటికి పిన్నీ, ఆలస్యం చెయ్యకండి అంటోంది.
"తెత్తాం. ఆరంటే ఆరే.
కానీ నాలుగ్గంటలూ ఉంచాల.
మా పిల్ల అన్నీ రాస్తాది."